అక్క అడిగిన అనుజ్ఞ

మా ఇళ్ళలో యోగం అన్న మాటకి రెండర్థాలుండేవి, మగవాళ్ళకొకటి, ఆడవాళ్ళకొకటి. మగవాడికి యోగం పట్టిందంటే వాడు వెన్ను నిటారుగా పెట్టి, కళ్ళు మూసుకుని, సంసారాన్ని దాటిపోతున్నాడని. ఆడదానికి యోగం లేదంటే దాని మొగుడు దాన్ని వదిలేసి పోయాడని. మా బావ ఇల్లు విడిచి వెళ్ళిపోయినప్పుడు మా వీధిలోని పెద్దవాళ్ళు వరసగా పరామర్శకి వచ్చారు. అరుగు దగ్గర ఆగి మా నాన్నగారితో "అల్లుడుగారికి యోగం పట్టిందటగా, అదృష్టవంతులండీ" అన్నారు. అట్నుంచి అటే వంటింట్లోకి వచ్చి మా అమ్మతో "పిల్లకి యోగం లేదండీ, ఏం చేస్తాం" అన్నారు. అదే నోరు, అదే మాట, అదే పూట. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. ఇప్పుడు తొంభైకి దగ్గరపడ్డాను. ఆ కోపం ఇంకా చల్లారలేదు. చల్లార్చుకోమని నాకు సలహా చెప్పినవాళ్ళందరూ మగవాళ్ళే.

మా నాన్నగారు నూజివీడులో హైస్కూలు సంస్కృత పండితులు. సాయంత్రం స్కూలు వదిలాక మా అరుగు మీద సాంఖ్యం, యోగం లాంటి దర్శనాలు చెప్పేవారు. ఎవరైనా రావచ్చు అనేవారు, వచ్చినవాళ్ళంతా మగవాళ్ళే. ఇంట్లో మాత్రం ఆయనకి ఆ పట్టింపు లేదు. కొడుకులు లేరు, మేమిద్దరం ఆడపిల్లలం. నాకంటే అయిదారేళ్ళు పెద్దదైన అక్కని చిన్నప్పట్నుంచీ పక్కన కూర్చోబెట్టుకుని తనకొచ్చినదంతా చెప్పారు. అక్క ఒళ్ళో తలపెట్టుకుని నేనూ విన్నాను. తెలుగు కంటే ముందే నాకు ఆ గొడవ వంటబట్టింది.

ఆయనకి ఒళ్ళు మండించే సంగతి ఒకటుండేది. అప్పుడప్పుడు ఎవరో ఒకడు ఊళ్ళోకి దిగి, గుండెల మీద బండ పెట్టించుకుని పగలగొట్టించుకుని, గాజుపెంకులు కరకరా నమిలి, ఇదంతా యోగబలమని చెప్పుకునేవాడు. జనం విరగబడి చూసేవాళ్ళు. నాన్నగారు ఇంటికొచ్చి కండువా విసిరికొట్టేవారు. "ఇది యోగమా? ఒళ్ళు మెలికలు తిప్పినవాడల్లా యోగి అయితే పాములన్నీ యోగులే! వాడి గుండె గట్టిదైతే మనకేం ఒరిగింది? మొదటి మెట్టు ఎదటివాణ్ణి బాధపెట్టకుండా ఉండడం. ఆ తర్వాత అబద్ధమాడకపోవడం. కూర్చోవడం, ఊపిరి బిగబట్టడం ఎక్కడో తర్వాత. మెట్లన్నీ వదిలేసి మేడ మీద దూకుతారు వెధవలు" అని అరిచేవారు. కోపాన్ని అణచుకోవడం గురించి చెప్పేటప్పుడు కూడా అలాగే అరిచేవారు. అక్కా నేనూ మొహాలు చూసుకుని నవ్వు ఆపుకునేవాళ్ళం.

కాని చెప్పడం మాత్రం గొప్పగా చెప్పేవారు, ఆ మాట ఒప్పుకోవాలి. ఉన్నవి రెండే అనేవారు. చూసేవాడు ఒకడు, కనబడేది ఒకటి. చూసేవాడు పురుషుడు, కనబడేదంతా ప్రకృతి. ఈ చెట్లూ, ఈ ఒళ్ళూ మాత్రమే కాదు, లోపల గిరగిరా తిరిగే మనసూ, నేనంటూ ఎగిరే అహంకారమూ, చివరికి తెలివితేటలూ కూడా ప్రకృతి సరుకే. పురుషుడు ఏమీ చెయ్యడు, ఊరికే చూస్తాడు. చూస్తూ చూస్తూ, కనబడేదే తను అనుకుంటాడు. అదీ మొదటి తప్పు, దాన్నే అవిద్య అన్నారు. ఆ ఒక్క వేరు నుంచే 'నేను' అన్నదీ, కావాలన్నదీ, వద్దన్నదీ, చచ్చిపోతానేమోనన్న భయమూ పుట్టుకొస్తాయి. "ఎర్రమట్టిలో నడిచి ఇంటికొస్తావు. కాళ్ళు ఎర్రగా ఉంటాయి. అది కాళ్ళ రంగా? కాదు, కడుక్కుంటే పోతుంది. ఆ కడుక్కోవడమే యోగం" అనేవారు. మా నూజివీడు మట్టిలో నడిచినవాళ్ళకి ఇంతకంటే విప్పి చెప్పనక్కర్లేదు.

"అందరూ యోగమంటే కలయిక అనుకుంటారు. కాదర్రా! ఈ దర్శనంలో యోగమంటే వియోగం. చూసేవాణ్ణీ కనబడేదాన్నీ విడదీయడం" అని ఆయన అంటే అరుగు మీదవాళ్ళు ఆహా అని తలలూపేవాళ్ళు. అందరికంటే ఎక్కువ ఊగే తల ఒకటుండేది. చింతలపూడి నుంచి వచ్చి మా ఊళ్ళో చదువుకునే కుర్రాడిది. నాన్నగారి శిష్యుల్లో అంత చురుకైనవాడు లేడు. తర్వాత వాడే మా బావ అయ్యాడు.

వైరాగ్యం గురించి చెప్పిన రోజు నాకు బాగా గుర్తు. మా ప్రాంతంలో మామిడితోటల్ని పూత మీదే అమ్మేస్తారు. కొన్నవాడే కాపలా పెట్టుకుంటాడు, వాడే కాయ దింపుకుంటాడు. అమ్మిన రైతు తన తోటలో తను ఒక్క కాయ ముట్టుకోకూడదు. మాకూ రెడ్డిగూడెం దారిలో చిన్నతోట ఉండేది. మా వాడకానికి నాలుగు చెట్లు ఉంచుకుని మిగతాది అలాగే అమ్మేసేవాళ్ళం. "చూడండి, తోట అమ్ముకున్న ఆసామి రోజూ పొద్దున్నే గట్టు మీద నిలబడి, నా కాయ బాగా ఊరిందిరా అని మురిసిపోతుంటాడు. ఎవడైనా రాయి విసిరితే కొట్టడానికి పరిగెడతాడు. తోట పోయింది గాని వాడి నోట్లోంచి 'నా' అన్న మాట పోలేదు. వస్తువుని వదిలెయ్యడం ఎవడైనా చేస్తాడు. నాది అన్నదాన్ని వదలడం వైరాగ్యం" అన్నారు.

ఇంకొక రోజు ప్రకృతి సంగతి వచ్చింది. కట్టేదీ ప్రకృతే, విప్పేదీ ప్రకృతే, చేసే చాకిరీ అంతా పురుషుడి కోసమే, తనకంటూ అది ఏమీ కోరదు అని నాన్నగారు చేతులు జోడించి మరీ చెప్పారు. పక్కన కూర్చున్న అక్క "మరి ప్రకృతికి మోక్షం ఎప్పుడు నాన్నగారూ?" అంది.

"అది జడమమ్మా. జడానికి బాధెక్కడిది? బాధ లేనిదానికి మోక్షం ఎందుకు?"

"జడమని ఎవరు చెప్పారు? అదే చెప్పిందా?"

నాన్నగారు పకపకా నవ్వారు. "పిచ్చిదానా, పురుషుడంటే మీసాలున్నవాడు అనుకుంటున్నావా? పురుషుడంటే చైతన్యం. చీమలోనూ ఉన్నాడు, నీలోనూ ఉన్నాడు. ఈ విషయంలో ఆడా మగా లేదు" అన్నారు.

ఆ దర్శనం మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. తర్వాత నేనే కూర్చుని చదువుకున్నాను, నాన్నగారు చెప్పింది నిజమే, దాంట్లో ఆడా మగా లేదు. ఆ తేడా అంతా మా ఇంట్లో ఉంది. దర్శనంలో పురుషుడు అందరిలోనూ ఉంటాడు, మా ఇళ్ళకొచ్చేసరికి మగవాళ్ళంతా పురుషులు, ఆడవాళ్ళంతా ప్రకృతి. చాకిరీ చెయ్యాలి, ఏమీ కోరకూడదు, అడ్డొస్తే తప్పుకోవాలి.

అక్కకి పదహారు నిండకుండానే ఆ ప్రియశిష్యుడికిచ్చి పెళ్ళి చేశారు. ఆయన చింతలపూడి స్కూల్లో మాస్టరయ్యాడు, అక్క కాపురానికి వెళ్ళింది. మొదట్లో బాగానే ఉన్నారని విన్నాం. తర్వాత ఆయన ఉప్పు మానేశాడు, కారం మానేశాడు, అక్కతో మాట్లాడడం మానేశాడు. ఒక పొద్దున లేచి చూస్తే మనిషే లేడు. ఎవరో స్వామివారి వెంట హరిద్వారం వైపు వెళ్ళాడని నెల తర్వాత తెలిసింది. అత్తగారు "నా కొడుకు పోయాక నువ్వెందుకు" అన్నట్టు చూస్తుంటే నాన్నగారు వెళ్ళి అక్కని తీసుకొచ్చారు.

ఇంటికొచ్చిన అక్కని ఏమనాలో ఊళ్ళో ఎవరికీ తెలియలేదు. బొట్టుంది, మెళ్ళో తాళి ఉంది, మొగుడు ఎక్కడో బతికే ఉన్నాడు. పేరంటానికి వెళితే అందరికీ చకచకా బొట్టు పెట్టుకుంటూ వచ్చే చెయ్యి అక్క దగ్గరకొచ్చేసరికి ఆగిపోయేది. కుంకుమ భరిణె పట్టుకుని, పెట్టొచ్చునా కూడదా అని వెనక్కి తిరిగి పెద్దావిడ వంక చూసేవాళ్ళు. ఆ ఒక్క క్షణం అక్క నుదురు చాపుకుని అలా నిలబడి ఉండేది. నేను అక్కడే ఉన్నప్పుడు ఒకసారి ఆ భరిణె లాక్కుని నేనే పెట్టాను. ఇంటికొచ్చాక అమ్మ నాకు రెండు తగిలించింది. ఆ తర్వాత అక్క పేరంటాలకి వెళ్ళడం మానేసింది.

అక్కకి ఒక్క కోరిక ఉండేది. ఆడపిల్లల స్కూల్లో చిన్నపిల్లలకి సాయంగా చదువు చెప్పడానికి వెళ్ళేది. అక్కడి హెడ్మిస్ట్రెస్ గారు అక్క చెప్పే తీరు చూసి, రాజమండ్రి వెళ్ళి ట్రైనింగు చదివితే టీచరువి అవుతావన్నారు. అక్క వచ్చి నాన్నగారిని అడిగింది. ఆయన "పెళ్ళయిన పిల్లవి. నీ మీద నాకు హక్కు లేదమ్మా. నీ భర్త ఒప్పుకుంటే వెళ్ళు" అన్నారు. ఆ భర్తేమో హరిద్వారంలో ముక్కు మూసుకుని కూర్చున్నాడు. హక్కున్నవాడు ఇక్కడ లేడు, ఇక్కడున్నవాడికి హక్కు లేదు. ఏమంటారండీ దీన్ని? అక్క మజ్జిగ వడ్డించింది. నేనే కంచం ముందు నుంచి లేచిపోయాను.

స్వాతంత్ర్యం వచ్చిన తర్వాతి వేసవి అది. కాయలు దింపే రోజులు. చింతలపూడి నుంచి సంతపని మీద వచ్చిన ఒకాయన కబురు తెచ్చాడు. బావ ఊరొచ్చాడు, ఆశ్రమం నుంచి పెద్దస్వామివారు కూడా వచ్చారు, సన్న్యాసం పుచ్చుకోబోతున్నాడు, తల్లి సరేనంది, ఇక భార్య అనుజ్ఞ కోసం ఫలానా రోజున మా ఇంటికి వస్తున్నారు అని. మా ఆచారంలో భార్య బతికుండగా మగవాడు సన్న్యసించాలంటే ఆవిడ సరే అనాలి. నలుగురి ముందు, నోరు తెరిచి, సంతోషంగా అనాలి. ఏడుస్తూ అంటే చెల్లదు. విన్నారా, ఏడవకూడదట! ఆ మాట అన్నాక వాడు తన పిండం తనే పెట్టుకుని, బతికుండగానే చచ్చినవాడి కింద లెక్క అయి, కాషాయం కట్టుకుని పోతాడు.

ఇక చూడాలి మా ఇంట్లో సందడి. ఏడాది పాటు బొట్టు పెట్టడానికి సందేహించినవాళ్ళంతా ఇప్పుడు అక్కని వెతుక్కుంటూ వచ్చారు. "ఎంత పుణ్యం చేసుకున్నావే తల్లీ! సన్న్యాసి భార్యవి. ఏడు తరాలు తరిస్తాయి" అని గడ్డం పట్టుకున్నారు. నాన్నగారు మెల్లిగా, శాస్త్రం చెప్పే గొంతుతో, "ముముక్షువుకి అడ్డం పడడం కంటే పాపం లేదమ్మా. నీకు నేను చెప్పక్కర్లేదు, అన్నీ చదువుకున్నదానివి" అన్నారు. అమ్మ దేవుడి గదిలో ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి, "నువ్వు మాత్రం ఏడవకే" అని అక్కకి చెప్పింది.

అక్క వెనకగదిలో ఉండేది. మా నాలుగు చెట్ల కాయల్ని ఆ గదిలో వరిగడ్డి పరిచి మాగవేసేవాళ్ళం. రోజూ గడ్డి ఎత్తి, మాగినవాటిని ఏరి, మచ్చపడినవాటిని తీసేసి, మిగతావాటిని తిరగేసి కప్పాలి. ఆ వేడికీ, ఆ వాసనకీ లోపల ఎవరూ నిలవలేరు, అందుకే అక్కకి ఆ గది ఇష్టం. నేను వెళ్ళి ఎదురుగా గొంతుక్కూర్చుని, "వద్దని చెప్పు అక్కా! చచ్చినా ఒప్పుకోనని చెప్పు. ఏం చేస్తారో చూద్దాం" అన్నాను.

"వద్దంటే ఏమొస్తుందే? ఆయన్ని కట్టేసుకుని నేనేం చేసుకోను?"

"అయితే సరే అంటావా? నవ్వుతూ?"

"నాకు ఆయన అక్కర్లేదే" అంది అక్క, చేతిలో పెద్దరసం మామిడిని బొటనవేలితో నొక్కి చూస్తూ. "ఆయన పోయినందుకు నేను ఏడవడం మానేసి చాలా రోజులైంది. నాకు కావలసింది వేరే ఉంది. ఎలా అడగాలా అని ఆలోచిస్తున్నాను. నువ్వు కాసేపు అరవకుండా ఉంటే ఆలోచించుకుంటాను." నేను నోరు మూసుకుని గడ్డి కప్పడానికి సాయం చేశాను.

చెప్పిన రోజు వాళ్ళు వచ్చారు. పెద్దస్వామివారు పొడుగ్గా, ముసలాయన, కళ్ళు చల్లగా ఉన్నాయి. ఆయన మీద నాకు అప్పుడే కోపం రాలేదు. బావ సగానికి సగం చిక్కిపోయాడు, తల గొరిగించుకున్నాడు, ఇంకా కాషాయం లేదు గనక తెల్లబట్ట చుట్టుకున్నాడు. 'నేను' అనడం మానేశాడు. తనని తను "ఈ శరీరం" అంటున్నాడు. అమ్మ వడ్డించబోతే "ఈ శరీరానికి ఉప్పు నిషేధం" అన్నాడు. "ఈ శరీరం పరుపు మీద పడుకోదు" అన్నాడు. అక్క ఏరి పెట్టిన పెద్దరసాలు తెస్తే మాత్రం ఈ శరీరం వద్దనలేదు. మోచేతుల దాకా కారుతుంటే నాకుతూ తింది. అవి ఎవరు మాగవేశారని అడగలేదు, అక్క వంక తల తిప్పి చూడలేదు.

భోజనాలయ్యాక నడవాలో అందరూ కూర్చున్నారు. స్వామివారు జింకచర్మం మీద, పక్కన బావ, ఎదురుగా నాన్నగారూ, ఆయన స్నేహితులు కొందరూ. గుమ్మాల దగ్గర ఆడవాళ్ళం. అక్కని పిలిచారు. మామూలు నేతచీరలో వచ్చి స్తంభం పక్కన నిలబడింది. కళ్ళు పొడిగా ఉన్నాయి.

స్వామివారు మర్యాదగానే అడిగారు. "అమ్మా, నీ భర్త బంధాలు తెంచుకోవాలని కోరుకుంటున్నాడు. నీ నోటిమాట కోసం వచ్చాం. సంతోషంగా అనుజ్ఞ ఇస్తావా తల్లీ?"

"ఇస్తానండి" అంది అక్క.

నడవా అంతా ఊపిరి వదిలిన చప్పుడు వినబడింది. నాన్నగారు కళ్ళు ఒత్తుకున్నారు.

"కాని ముందు ఒక్క సంగతి తెలియాలండి. ఈయన సన్న్యసించాక నాకు ఏమవుతారు?"

"ఏమీ కాడమ్మా. పాత సంబంధాలన్నీ పోతాయి. లోకానికి ఈయన గతించినట్టే."

"మరి ఆయనకి నేను?"

"నువ్వూ ఏమీ కావు."

"అయితే నేను ఎవరికి ఏమవుతానండి?"

నాన్నగారి స్నేహితుడొకాయన అందుకుని, "పతివ్రతవమ్మా! ఆయన పేరు తలుచుకుంటూ కాలక్షేపం చెయ్యి" అన్నాడు.

"పేరు కూడా ఉండదుగా బాబాయిగారూ, అదీ మార్చుకుంటారుగా" అంది అక్క. గుమ్మం దగ్గర ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. అక్క నవ్వలేదు. స్వామివారి వైపే చూస్తూ అంది. "ఆయనకి నా అనుజ్ఞ కావాలి. నాకూ ఆయన అనుజ్ఞ కావాలండి. ఇలాగే నలుగురి ముందు, నోరు తెరిచి, సంతోషంగా. నువ్వు నాకేమీ కావు, నీ దారి నీది అని ఆయన అనాలి. నేను రాజమండ్రి వెళ్ళి చదువుకుంటాను. ఉద్యోగం చేసుకుంటాను. మనసుపడితే మళ్ళీ పెళ్ళి చేసుకుంటాను. సన్న్యసించినవాడి భార్య మళ్ళీ పెళ్ళాడవచ్చని ధర్మశాస్త్రంలోనే ఒకచోట ఉందని నాన్నగారు అరుగు మీద చెప్పారు, నేను విన్నాను. పురుషుడు నాలోనూ ఉన్నాడని కూడా ఆయనే చెప్పారు. ఆయన సరే అంటే నేనూ సరే. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం వదిలేసుకుంటాం."

అమ్మ గోడకి చేరగిలబడిపోయింది. నాకు మాత్రం ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఎంత చక్కగా అడిగింది! ఎంత సూటిగా! అందరూ బావ వంక చూశారు.

బావ మొహం కందగడ్డలా అయింది. "ఏమిటే కూస్తున్నావు? సిగ్గు లేదూ? నా పెళ్ళానివై ఉండి ఇంకొకడితో పోతావా? నా పెళ్ళానివి! నా ఇంటి పరువు!" అని లేచాడు. పక్కనున్న కంచుచెంబు కాలికి తగిలి దొర్లిపోయింది. చెయ్యెత్తాడు కూడా, నాన్నగారి స్నేహితుడు పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఈ శరీరం ఎటుపోయిందో ఏమో, నడవా అంతా నా, నా, నా. తోట అమ్ముకుని గట్టు మీద కాపలా కాసేవాడే వీడూ.

స్వామివారు దొర్లిన చెంబు తీసి నిలబెట్టారు. తర్వాత బావతో, "నాయనా, నీకింకా సమయం రాలేదు. నీ భార్యని తీసుకుని ఇంటికి వెళ్ళు. గృహస్థుగా ఉండి 'నా' అన్నది కరిగించుకో" అన్నారు. బావ ఆయన కాళ్ళ మీద పడి భోరుమన్నాడు. ఆయన లేచి అక్క దగ్గరకొచ్చి చేతులు జోడించారు. "అమ్మా, నువ్వు వీడికి గురువువి. ఎంత పరీక్ష పెట్టావు తల్లీ! వీడి అజ్ఞానాన్ని అద్దంలో చూపించావు" అన్నారు.

"నేను పరీక్ష పెట్టలేదండి. నేను అడిగింది..." అంటోంది అక్క.

"దీర్ఘసుమంగళీ భవ" అని ఆయన అక్షతలు వేసేశారు. అప్పుడొచ్చింది ఆయన మీద కూడా నాకు కోపం.

అంతే, ఇల్లంతా పండగైపోయింది. "ఎంత తెలివైంది! పోతున్న మొగుణ్ణి ఒక్క మాటతో వెనక్కి తిప్పుకుంది" అని ఆడవాళ్ళు మెటికలు విరిచారు. "ఎలా పరీక్షించిందండీ! పండితుడి కూతురు అనిపించుకుంది" అని మగవాళ్ళు నాన్నగారి భుజం తట్టారు. యోగం లేని పిల్ల కాస్తా యోగం ఉన్న పిల్లైపోయింది. చూశారా? అక్క జన్మలో మొదటిసారి నలుగురి ముందు తన కోసం నోరు తెరిచి ఒక్క మాట అడిగితే, అది కూడా వాడి మోక్షానికే పనికొచ్చింది. వాడికి పాఠం, వాడికి పరీక్ష, వాడికి గురువు. తను అడిగినదాన్ని ఒక్కరంటే ఒక్కరు చెవిన వేసుకోలేదు.

నేను వెనకగదికి పరిగెత్తాను. అక్క గడ్డిలో కూర్చుని ఉంది. చేతిలో కాయ లేదు, ఊరికే గడ్డిపరకలు తుంచుతోంది. "నేను నిజంగానే అడిగానే" అంది.

"అయితే వెళ్ళి చెప్పు వాళ్ళకి!"

"చెప్పాను కదే. మళ్ళీ ఇంకే మాటల్లో చెప్పను?"

ఆ తర్వాత అక్క ముప్ఫై ఏళ్ళకి పైగా చింతలపూడిలో కాపురం చేసింది. నలుగురు పిల్లల్ని కంది. బావ పొద్దున్నే కళ్ళు మూసుకుని కూర్చోవడం మానలేదు. ఆయన లేచేదాకా పిల్లలు ఏడవకుండా చూడడం అక్క పని. రాజమండ్రికి ఒక్కసారి వెళ్ళింది, పుష్కరాలకి, ఆయన వెనకే. అందరూ అనుకుంటారు నా కోపమంతా బావ మీద అని. ఆయన మీద కోపం ఎప్పుడో విసుగైపోయింది. చేతకానివాడు, తనకేం కావాలో తనకే తెలియనివాడు. నా కోపం ఆయన మీద కాదు.

స్వామివారు వచ్చిన ఆ రోజు సాయంత్రమే బండి కట్టించారు. రేపు వెళ్ళొచ్చు గదా అని అమ్మ అంటే నాన్నగారు వినలేదు. అమ్మ పసుపూ కుంకుమా చీరా మూట కట్టింది. నాన్నగారు తనే స్వయంగా బండిలో గడ్డి పరిచి, దాని మీద దుప్పటి వేసి, కూతురి వీపుకి గుచ్చుకోకుండా మళ్ళీ మళ్ళీ సర్దుతున్నారు. నేను బండి చక్రం పక్కన నిలబడ్డాను. ఆయనకి తెలియక చేస్తున్నారనుకున్నాను. చెబితే ఆపేస్తారనుకున్నాను. ఆయన కంటే ఆ మాటలు తెలిసినవాళ్ళు ఎవరున్నారు?

"నాన్నగారూ, అక్క బావని పరీక్షించలేదు. నిజంగానే అడిగింది. అక్కకి ఆయన అక్కర్లేదు."

ఆయన నా వంక చూడలేదు. దుప్పటి అంచు మడిచి గడ్డి కింద దోపారు.

"తెలుసే" అన్నారు. "నేను చదువు చెప్పిన పిల్ల. దాని మాట నాకు అర్థం కాదా? అందుకే ఈ పూటే బండి కట్టమన్నాను."